గవర్రాజు గారి కల్

ఇరవై రెండేళ్లు హిందీ గడ్డ మీద ఒకే ఒక్క హిందీ మాటతో నెట్టుకొచ్చిన మనిషి మా గవర్రాజు గారు. ఆ మాట "కల్". హిందీలో నిన్నా కల్లే, రేపూ కల్లే. ఏది ఏ కల్లో వెనకొచ్చే క్రియ చెప్పాలి. ఈయన ఏనాడూ క్రియ దాకా వెళ్లిన పాపాన పోలేదు.

"జ్వరం ఎప్పట్నుంచి?" అని డాక్టరు అడిగితే "కల్" అన్నారట. రేపొచ్చే జ్వరానికి ఇవాళే మందులా అని ఆ డాక్టరు బుర్ర గోక్కున్నాడు. ఇంటాయన అద్దె అడిగితే "కల్". నిన్ననే ఇచ్చేశాడు కాబోలనుకుని ఆయన ఇంటికెళ్లి పెళ్లాన్ని నిలదీశాడు. రెండ్రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఇనుప గనుల ఊరు బచేలీలో మా ఫైనాన్స్ ఆఫీసు. ఆయనది వసూళ్ల కుర్చీ, నాది పక్క కుర్చీ. ఆటోలకీ పికప్ బళ్లకీ ఏడాది ఇన్సూరెన్సు మా కంపెనీ ఒకేసారి కట్టేస్తుంది. బండాయన మాకు నెలనెలా తీర్చాలి. గడువు దాటి పది రోజులైతే జగదల్‌పూర్ నుంచి మేనేజరు వికాస్ సాహబ్ ఇన్సూరెన్సు వాళ్లకి ఉత్తరం ముక్క రాస్తాడు. అంతే, పాలసీ రద్దు. పాలసీ లేని బండిని గని కాలనీ గేటు లోపలికి రానివ్వరు.

పదో రోజు సాహబ్ ఫోను చేసేవాడు.

"గవర్రాజు జీ, పైసా ఆయా?"

"కల్ సాబ్!"

నిన్ననే వచ్చిందనుకుని ఆయన ఉత్తరం పక్కన పెట్టేవాడు. చిత్రం, మర్నాటికల్లా డబ్బొచ్చేది. గవర్రాజు గారి కల్ ఏనాడూ కల్ల కాలేదు. అదృష్టం కాకపోతే ఏమిటని నవ్వుకునేదాన్ని.

మొన్న వానల్లో ఆ అదృష్టం తిరగబడింది. ఉంగ అని, కాలనీకి పికప్‌లో కూరగాయలు తెచ్చే అతను. బండే అతని బతుకు. వాగు పొంగి ఊళ్లో చిక్కుకున్నాడు. మంగళవారం పదో రోజు. ఫోనొచ్చింది, "కల్" వెళ్లింది. శనివారానికీ రసీదు చేరలేదు. వికాస్ సాహబ్ రద్దు ఉత్తరం పట్టుకుని స్వయంగా దిగాడు.

"ఉంగ డబ్బేదీ?"

"కల్ సాబ్."

"పోయిన కల్లా? రాబోయే కల్లా?"

"వహీ కల్ సాబ్."

"మంగళవారమూ కల్లే అన్నారు!"

గవర్రాజు గారు అమాయకంగా నావైపు తిరిగారు. "ఏటమ్మీ, రేపు కాకపోతే దాని అవతలిదాన్ని ఏటంటారు?"

"పర్సోఁ" అని అందించాను.

"ఆఁ, పర్సోఁ సాబ్!"

దేవుడా! మొన్నా పర్సోఁయే, ఎల్లుండీ పర్సోఁయే. ఆ భాషే ఆయన పార్టీ. సాహబ్ తల పట్టుకున్నాడు. "నాలుగింటి దాకా చూస్తాను. తర్వాత ఉత్తరం పోస్టులో పడుతుంది."

మూడున్నరకి గవర్రాజు గారు మూడోసారి మంచినీళ్లు తాగారు. నాలుగుకి ఐదు నిమిషాలుండగా ఉంగ వచ్చాడు, నడుం దాకా బురదతో, డబ్బు నూనె ప్యాకెట్‌లో చుట్టుకుని. సాహబ్ లెక్కపెట్టుకుని ఉత్తరం చింపేశాడు. "ఈయనకి హిందీ నేర్పండమ్మా" అని నాకు చెప్పి బస్సెక్కాడు.

నేను ఉంగని అడిగాను, "ఇంత వాగులో ఎలా వచ్చావయ్యా?"

"ఇంకేం చెయ్యను దీదీ, దిగి దాటేశాను! రెండ్రోజుల్నుంచి ఈ బాబు మోపెడ్ వేసుకొచ్చి వాగు ఇవతల నిలబడి ఒకటే అరుపు. పాలసీ పోతే గేటు పోద్ది, గేటు పోతే బండి పోద్దని. ముందు మా గోండీలో చెప్పాడు, తర్వాత హిందీలో తిట్టాడు. అబ్బో, అంత మంచి హిందీ తిట్లు మా సర్పంచికి కూడా రావు."

నేను గిర్రున తిరిగాను. గవర్రాజు గారు రసీదు పుస్తకంలో తల దూర్చేశారు.

"బాబాయ్ గారూ! మీకు హిందీ వచ్చా?"

"ఉష్ష్! గట్టిగా అనకమ్మీ, బస్సింకా కదల్లేదు."

ఆ మర్నాడొచ్చే డబ్బంతా ఈయన మోపెడ్ చక్రాల మీద వచ్చిందన్నమాట. ఇన్నాళ్లూ నేను నవ్వింది నా తెలివితక్కువకి. ఆ పెద్దాయన మీద ప్రేమ పొంగుకొచ్చింది నాకు.

"ఇంతకీ ఎప్పుడు నేర్చుకున్నారు?"

ఆయన రసీదు చింపి ఉంగ చేతిలో పెట్టి, నావైపు చూడకుండానే అన్నారు.

"కల్."