ఎలీసమ్మ గారి రెండో లెక్క

ఎలీసమ్మ గారు ఎవరికీ అర మార్కు కూడా అప్పనంగా వేసి ఎరగరు. పదకొండేళ్లు ఆవిడ కుర్చీకి ఎదురుగా కూర్చున్న లెక్కల మాస్టారిని, ఈ విషయంలో నా మాట నమ్మవచ్చు.

మాది మామిడికుదురు మండలంలో ఏడో తరగతి వరకు ఉన్న బడి. ఊరి పేరు చెబితే ఇళ్లు గుర్తుపట్టేస్తారు, అందుకని చెప్పను. ఆవిడ పుట్టింది ఆ ఊరి దళితుల పేటలోనే. తండ్రి దానం, భవానీదేవి గారి కొబ్బరి తోటలో పాలేరు. తల్లి ఊడ్పులకూ కోతలకూ వెళ్లేది. మిషను బడిలో చదువుకుని, ట్రైనింగు పూర్తిచేసి, ఎక్కడెక్కడో పనిచేసి తొంభై మూడులో సొంత ఊరికే సోషలు టీచరుగా వచ్చారు. మొదట్లో ఊరి పెద్దలకి ఆవిడ "మన దానం కూతురు". వాళ్ల పిల్లల పేపర్లు దిద్దడం మొదలెట్టాక ఆ నోళ్లలోకి "గారు" దానంతటదే వచ్చింది.

ఏడో తరగతిలో జనాభా పాఠం ఉండేది. పుస్తకంలో "జనాభా విస్ఫోటనం" అన్న మాట కనబడితే చాలు, ఆవిడకి ఒళ్లు మండేది. "పిల్లలు పుట్టడం బాంబులు పేలడమాండి, మాస్టారూ?" అని నామీద ఎగిరేవారు, ఆ పుస్తకం నేనే రాసినట్టు.

అందుకని పుస్తకం మూసేసి పిల్లల్ని ఆవరణలోకి తీసుకెళ్లేవారు. ముగ్గుపిండితో కాలువ, వంతెన, తోటలు, పేట, అన్నీ గీయించేవారు. ప్రతి పిల్లా తన ఇంటి దగ్గరా, ఇరుగుపొరుగు ఇళ్ల దగ్గరా మనిషికొక చింతపిక్క పెట్టాలి. నియమం ఒక్కటే: ఆ ఇంట్లో తిని, ఆ ఇంట్లో పడుకునే మనిషికే పిక్క. గంటలో పాఠం నేలమీద పరుచుకునేది. భవానీదేవి గారి నాలుగెకరాల తోటలో రెండు పిక్కలు. పేటలో ఏ అరెకరం చూసినా పిక్కమీద పిక్క. జనసాంద్రత అంటే ఏమిటో ఇంక వేరే చెప్పనక్కర్లేదు. పాఠం అయ్యాక ఆ పిక్కల డబ్బా నా లెక్కల బీరువాలో దాచేవారు, పురుగు పట్టేది, నేను సణిగేవాణ్ణి.

రెండువేల ఒకటి ఫిబ్రవరిలో జనాభా లెక్కలు వచ్చాయి. టీచర్లందరికీ డ్యూటీలు పడ్డాయి. ఆవిడకి పేట, నాకు కాలువ అవతలి వీధులు. ఇంతకంటే మంచి సమయం ఉండదని ఆ వారంలోనే పాఠం మొదలెట్టారు.

ఆ తరగతిలో లిడియా అనే పిల్ల ఉండేది. మాట తక్కువ, చేతిరాత ముత్యాల్లా ఉండేది. తండ్రి దానియేలు కొబ్బరి దింపు తీసేవాడు. తల్లి మరియమ్మ తొంభై ఆరులో ఇంటిపనికి కువైట్ వెళ్లింది. అప్పటికి ఐదేళ్లయింది, ఒక్కసారీ రాలేదు. ఇంట్లో నాయనమ్మ వీరాయమ్మ, తండ్రి, లిడియా, తమ్ముడు. లిడియా తన ఇంటి గీతలో ఐదు పిక్కలు పెట్టింది.

ఎలీసమ్మ గారు వంగి ఒకటి తీసేశారు.

"మీ అమ్మ ఇక్కడ లేదు కదమ్మా. లేని మనిషికి పిక్క పెట్టకూడదు."

"మరి ఎక్కడ పెట్టాలండి?"

"కువైట్లో."

లిడియా ముగ్గంతా చూసింది. కాలువ ఉంది, వంతెన ఉంది, కువైట్ లేదు. టీచరు చేతిలోంచి పిక్క తీసుకుని గుప్పిట బిగించింది. నేను వరండాలోంచి చూస్తూనే ఉన్నాను. ఎలీసమ్మ గారు అప్పటికే పక్క ఇంటికి వెళ్లిపోయారు.

నాలుగు రోజుల తర్వాత ఆవిడ ఫారాలు పట్టుకుని అదే ఇంటికి వెళ్లారు. ఫిబ్రవరి తొమ్మిది నుంచి ఇరవై ఎనిమిది వరకు ఒక్కరోజు కూడా ఇంట్లో లేని మనిషిని ఆ ఇంటి లెక్కలో రాయకూడదని రూలు. వీరాయమ్మ మాత్రం ఐదుగురి పేర్లూ చెప్పింది. కోడలి పేరు కొట్టేస్తే రేషను కార్డులోంచి కూడా తీసేస్తారని ఆవిడ భయం. నిజానికి దానికీ దీనికీ సంబంధం లేదు. కానీ ఆ భయం ఆ ఒక్క ఇంట్లోనే కాదు, ఊరంతా ఉంది.

"నీకేం పోయిందే ఎలీసమ్మా, ఇంకో పేరు రాత్తే? నిన్ను ఎత్తుకుని తిప్పిందాన్ని నేను."

"కార్డుకీ దీనికీ సంబంధం లేదు పిన్నీ. లేని మనిషిని రాయకూడదు."

గుమ్మంలో నిలబడ్డ లిడియా అప్పుడు అడిగింది. "పేరు లేకపోతే, మా అమ్మ తిరిగొచ్చేక ఈ ఊరి మనిషి కాదంటారాండి?"

"అలా ఏం కాదులే" అని ఆవిడ ఫారం మడిచి పక్కింటికి నడిచారట. ఈ సంగతి నాకు తర్వాత ఆవిడే చెప్పారు, తలొంచుకుని. ఇంకో పది ఇళ్లు మిగిలాయని తొందరపడ్డాను మాస్టారూ, అన్నారు.

లెక్క తేలింది. పేట జనాభా ఆరువందల పద్నాలుగు. బోర్డు మీద రాసి పిల్లలచేత వల్లె వేయించారు. ఏప్రిల్ పరీక్షలో ఒక మార్కు ప్రశ్న ఇచ్చారు: మన పేట జనాభా ఎంత?

లిడియా ఆరువందల పదిహేను అని రాసింది.

ఆ పేపరు స్టాఫు రూములో నాకు చూపించారు. ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంది. నాకు కోపం వచ్చింది. "ఒక్క మార్కు కదండీ టీచర్ గారూ, తల్లి కోసం రాసుకుంది. వేస్తే ఏం పోతుంది?" అన్నాను. ఆ ఊపులోనే, అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట కూడా కక్కేశాను. నా వీధుల్లో గల్ఫ్ వెళ్లిన ముగ్గురు ఆడవాళ్లని, ఇంటివాళ్లు బతిమాలితే, ఉన్నట్టే రాసేశాను.

ఆవిడ అరుస్తారనుకున్నాను. అరవలేదు.

"మీరు దయ తలిచేననుకుంటున్నారు మాస్టారూ. ఉందని రాసేస్తే, వెళ్లిందన్న సంగతి ఎక్కడుంటుందండి? ఆవిడ అక్కడ అంట్లు తోముతున్న ఏళ్లన్నీ ఏమయిపోయినట్టు?"

పేపరు మళ్లీ కట్టలో పెట్టారు. "నేను రాయలేదు, మీరు అబద్ధం రాసేరు. ఇద్దరం కలిసి ఆ పిల్ల ప్రశ్నకి జవాబు చెప్పలేదు" అన్నారు.

మర్నాడు ఒంటిపూట బడిలో పేపర్లు పంచారు. లిడియాని లేపి, అందరి ముందూ, "నీ జవాబు తప్పే. ఆరువందల పదిహేను కాదు. వెళ్లిన మనిషి మీ అమ్మ ఒక్కత్తే కాదు కదా? ఎంతమందో నాకూ తెలీదు. పదండి, తేలుద్దాం" అన్నారు.

మధ్యాహ్నాలు బడి లేదు. వారం రోజులు, పంతొమ్మిది మంది పిల్లలు, ఒక పొడుగాటి నోటుబుక్కు. ప్రతి ఇంటి ముందూ నిలబడి, "మీ ఇంట్లోంచి వెళ్లినోళ్లెవరండి?" అని అడగడమే పని. ఎండకి మాడిపోతారని నేనూ గొడుగేసుకుని వెనక తిరిగాను. నాలుగు గడులు గీశారు: పేరు, వెళ్లిన చోటు, వెళ్లిన సంవత్సరం, తిరిగొచ్చిన తేదీ. సర్కారు ఫారం ముందు వెళ్లిన సంగతి దాచిన ఇళ్లే పిల్లల ముందు ఫోటోలు తెచ్చి చూపించాయి. ఒకింట్లో కొడుకు ఎక్కడున్నాడో వాళ్లకే తెలియదు. ఆ గడిలో ఊరికే గీత పెట్టబోతే ఆపి, "తెలియదు" అని అక్షరాలా రాయించారు.

మొత్తం తొంభై ఏడుగురు. అరవై ఒక్క మంది ఆడవాళ్లు, అందులో ఎక్కువమంది కువైట్, మస్కట్. మిగతావాళ్లలో చాలామంది హైదరాబాదు పనులకి వెళ్లినవాళ్లు. నేను లెక్కల మాస్టారిని, ఆ పేట పక్కనుంచి రోజూ సైకిలు తొక్కినవాణ్ణి, ఇరవై మంది ఉంటారేమో అనుకున్నాను. సిగ్గుపడ్డాను.

మొదటి వరసలో పేరు లిడియా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. మరియమ్మ. కువైట్. 1996. నాలుగో గడి ఖాళీ.

ఆ తర్వాత ప్రతి ఏడూ జనాభా పాఠంలో రెండు లెక్కలు ఉండేవి, ఉన్నవాళ్లది ఒకటి, వెళ్లినవాళ్లది ఒకటి. ముగ్గుకి బయట, జెండా కర్ర దగ్గర కువైట్ వచ్చింది.

రెండువేల నాలుగు జులైలో మరియమ్మ సెలవు మీద వచ్చింది. లిడియా అప్పటికి కాలేజీలో ఇంటర్ మొదటి ఏడు. తల్లిని చెయ్యి పట్టుకుని మా బడికి తీసుకొచ్చింది. ఎలీసమ్మ గారు ఆ నెలాఖరుకి రిటైరవుతున్నారు. బీరువాలోంచి నోటుబుక్కు తీసి మొదటి పేజీ తెరిచారు.

మరియమ్మ తన పేరుమీద వేలు పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"అక్కడ నన్ను నా పేరుతో పిలవరండి. ఏదో పేరెట్టి పిలుత్తారు. ఇన్నేళ్లూ ఇక్కడ రాసుందాండి ఇది?"

"ఆయ్. నీ కూతురే రాసింది."

ఎలీసమ్మ గారు నాలుగో గడిలో తేదీ వెయ్యడానికి కలం తీశారు. మరియమ్మ చటుక్కున అడ్డం వచ్చింది. "వద్దండి టీచర్ గారూ. వచ్చే నెల్లో మళ్లీ వెళ్లిపోవాలండి. ఇల్లు సగంలో ఉంది."

లిడియా కిటికీ వైపు తిరిగింది.

"ఇవాళ ఇంట్లో తిన్నావా? రాత్రి ఇంట్లో పడుకుంటావా? అయితే ఉన్నట్టే" అని ఎలీసమ్మ గారు తేదీ వేసేశారు. ఆ తర్వాత స్కేలు పెట్టి, పక్కన ఐదో గడి గీశారు. మళ్లీ వెళ్లిన తేదీ.

నెలాఖరున రిటైరై నోటుబుక్కు నా చేతిలో పెట్టి వెళ్లారు. ఆగస్టులో మరియమ్మ వెళ్లిపోయిందని తెలిసింది. ఐదో గడి నింపడం ఇక నా పని. పుస్తకం తెరవడం, మూసెయ్యడం, నాలుగు రోజులు అదే వరస. ఐదో రోజు సాయంత్రం లిడియా కాలేజీ నుంచి నేరుగా వచ్చింది.

"మీరు రాయరని తెలుసండి. ఇలా ఇవ్వండి" అని నోటుబుక్కు తీసుకుంది.

నిలబడే రాసింది. తేదీ సరిగ్గానే రాసింది.