214 నంబరు అద్దం

మొన్న మంగళవారం మా నాయన ఫోటోకు కొత్త చట్రం కట్టించబోతే, పటాలు కట్టే అతను పాత అద్దం ఊడదీసి పారేయబోయాడు. దాని మూలలో సన్నగా గీసిన 214 అనే అంకె కనబడి, అద్దాన్ని కొంగులో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను, అప్పటి నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

1959లో నాకు పద్దెనిమిదేళ్ళు. నెల్లూరులో నాయన నడిపే స్టూడియోలో, అప్పట్లో ఫిల్ముకు బదులు ఫోటో పట్టే గాజు ప్లేట్లకు నంబర్లు గీయడం, వాటి మీద పెన్సిలుతో దిద్ది ముఖాల మచ్చలు, ముడతలు మాపడం నా పని. ఆసాముల ప్లేట్లు చెక్కపెట్టెల్లో పదిలంగా ఉండేవి. కూలివాళ్ళవి మూడు నెలలు దాటితే వేడినీళ్ళలో నానబెట్టి, బొమ్మ గీకేసి, పటాలకు అద్దాలుగా వేసేవాళ్ళం. గాజు కరువైన ఆ రోజుల్లో అది తప్పని మాకెవరికీ తోచలేదు.

మార్చి పదకొండున ముత్తుకూరు వైపు ఉప్పుకొఠారులో పనిచేసే ఒకామె భర్తతో వచ్చింది. పగుళ్ళు పట్టిన చేతులను కొంగు కింద దాచుకోమన్నాడు నాయన. "ఉప్పుకు కాలిన మొగం గదయ్యా, మీ మిషను పగిలితే నన్నడగబాకండి" అని ఆమె నవ్వింది. గడ్డం మీది మూడు పచ్చబొట్టు చుక్కలను, ఆమెకు మేలు చేస్తున్నాననుకుని, నేను పెన్సిలుతో మాపేశాను.

ఆగస్టులో భర్త ఒక్కడే వచ్చి, ఆమె కాన్పులో పోయిందని చెప్పి, ఫోటో నా ముందు పెట్టాడు.

"ఈమె ఎవురో దొరసాని మాదిరి ఉండాదమ్మా. మా ఆడమనిషికి మూడు చుక్కలుండాయి గదా. పసిదానికి రేపు వాళ్ళమ్మని చూపించాల."

పెన్సిలు దూదితో తుడిస్తే పోతుంది, ఇంకో కాపీ అరగంట పని. ఆ మాటే చెప్పి అతన్ని కూర్చోబెట్టి, లోపలికి వెళ్ళి రిజిస్టరు తీశాను. ఆమె ప్లేటు నంబరు 214కు ఎదురుగా నా చేతిరాతే ఉంది: జూలై రెండు, కడిగినది.

బయటికి వచ్చి, ఫోటో మీద సిరాతో చుక్కలు పెడతానన్నాను.

"నువ్వు పెడితే అవి నీ చుక్కలవతాయి గదమ్మా" అని, ఫోటో తీసుకుని బస్సుకు వెళ్ళిపోయాడు.

అన్నీ రాసుకునే నేను, ఆ అద్దం ఏ పటానికి వేశామో మాత్రం రాసుకోలేదు. ఇన్నేళ్ళూ అది మా నట్టింట్లోనే ఉంది, నాయన ముఖాన్ని దానిలోంచే చూశాను. ఇప్పుడు మా మనవరాలు ఫోన్లో తన మొటిమలు చెరిపేసి, అసలుది వేరే ఉంటుందిలే అమ్మమ్మా అంటుంది. ఆ పసిపిల్ల బతికుంటే ఈ ఆగస్టుకు అరవై ఆరు నిండుతాయి. కొత్త అద్దంలో నాయన ముఖం తేటగానే ఉంది. పాతదాన్ని మాత్రం రోజుకో గదిలోకి మారుస్తున్నాను, ఎక్కడ పెట్టినా అక్కడ ఎవరో ఉన్నట్టే ఉంటోంది.