అన్న చెరువులో కొర్రమీనులు

చేపల మార్కెట్లో ఆమెను అందరూ ముళ్ళక్క అనేవారు. గొంతులో ఇరుక్కుంటే ఓ పట్టాన బయటికి రాదని ఆ పేరు పెట్టారు. ఆమె దానికి నొచ్చుకోలేదు సరికదా, ఆ పేరుతో పిలిస్తేనే తొందరగా పలికేది.

తండ్రి పోయాక పక్కపక్కనే ఉన్న రెండు చేపల చెరువుల్లో ఎగువది అన్నకూ దిగువది ఆమెకూ వచ్చాయి. మధ్యలో ఒక్క గట్టు. కాలవ నీళ్ళు ముందు అన్న చెరువు నింపి, తూములోంచి ఆమె చెరువులోకి దిగాలి. ఒక ఎండాకాలం అన్న ఆ తూముకు ఇసుక బస్తాలు అడ్డం వేశాడు. ఆమె రెండుసార్లు వెళ్ళి అడిగింది.

"నాకే చాలట్లేదే, నీకెక్కడ వదలను?" అన్నాడు.

అతని చెరువు నిండుగా ఉన్న సంగతి గట్టెక్కిన ఎవరికైనా కనిపిస్తుంది. వారం తిరక్కుండానే ఆమె చేపలు నీళ్ళ పైకి తేలి, నోళ్ళు తెరుచుకుని గాలికి కొట్టుకున్నాయి. మధ్యాహ్నానికి చెరువంతా తెల్లటి పొట్టలే. ఆమే భర్తా గంపలకెత్తి గొయ్యి తీసి పాతిపెడుతుంటే అన్న గట్టు మీద నిలబడి చెరకు ముక్క నములుతూ చూశాడు. నమలడం ఆపలేదు. చేపలు చచ్చినదానికన్నా ఆ నమలడమే ఆమె కడుపులో నిప్పులు పోసింది.

"పోనీలేవే, తోడబుట్టినవాడు," అన్నాడు భర్త.

"పరాయివాడైతే ఎప్పుడో వదిలేసేదాన్ని," అంది.

అన్న పెంచేవి తిలాపియా చేపలు. వానలు పడ్డాక ఆమె కాలవ పక్క బురదగుంటల్లో చెయ్యి పెట్టి కొర్రమీను పిల్లల్ని ఏరింది. సాటి చేపల్ని మింగి బతికే జాతి అది. జోరువానలో గట్టు మీద పురుగు కూడా లేనప్పుడు బకెట్ తీసుకెళ్ళి అన్న చెరువులో గుమ్మరించింది. ఇంటికొచ్చి తల తుడుచుకుంటుంటే చాన్నాళ్ళకు ఆకలి తెలిసింది.

ఇక అన్న వల లాగే రోజు కోసం కళ్ళు కాయలు కాచేలా చూసింది. ఆ రోజు రానే వచ్చింది. సాయంత్రం వదిన ఒక చేప పట్టుకొచ్చింది.

"మీ అన్నయ్య ఇచ్చి రమ్మన్నాడు. ఎప్పుడూ వేలెడంతవే కదా, ఈసారి చూడు ఎలా బలిసిందో. మార్కెట్లో ఎగబడి కొన్నారు."

వదిన మొహంలో వెటకారమేమీ లేదు. ముళ్ళక్క ఆ చేపను కోసి, వండి, భర్తకు పెట్టింది. తను ముద్ద ముట్టలేదు.

ఆ తర్వాత చాలా రోజులు గట్టు మీద కూర్చుని ఆలోచించింది. తిలాపియా తల్లి గుడ్లనీ పిల్లల్నీ నోట్లోనే దాచి కాపాడుతుంది. ఒక కాన్పు ఎదగకముందే ఇంకో కాన్పు. చెరువు అంతే, అందులో మేత అంతే, తినే నోళ్ళు మాత్రం పుట్టలు పుట్టలుగా పెరుగుతాయి. అన్నీ అరకడుపుతో గిడసబారిపోతాయి. కొర్రమీనులు తమ నోటికి పట్టే పిల్లల్ని మింగేశాయి. మిగిలినవాటికి కడుపు నిండింది. తను విషమనుకుని పోసింది మందయింది. పళ్ళు నూరుకుంటూనే మరుసటి వానలకు తన చెరువులోనూ తిలాపియాలు వేసి, కొర్రమీనుల్ని వదిలింది.

అంతలో అన్న వలలో పెద్ద కొర్రమీను ఒకటి పడింది.

"ఇదా సంగతి! నా చేపపిల్లల్ని ఇవి మెక్కేస్తున్నాయన్న మాట," అని మనుషుల్ని పెట్టి, నీళ్ళు తోడించి, బురద జల్లించి ఒక్కటి మిగలకుండా పట్టించాడు. ముళ్ళక్క ఇవతలి ఒడ్డున వల కుట్టుకుంటూ చూసింది. వద్దన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే నొక్కేసి ఇంకో ముడి వేసింది.

ఏడాది తిరిగేసరికి అన్న చెరువు మళ్ళీ వేలెడంత చేపలతో కిటకిటలాడింది. ఆ మరుసటి ఏడూ అంతే. ముళ్ళక్క చెరువులోవి మాత్రం అరచేతిని మించి ఎదిగాయి. అవి కోళ్ళ మేతకు తప్ప పనికిరావని బేరగాళ్ళు మొహం తిప్పుకున్నారు. చివరికి అన్న గట్టు దిగి ఆమె పాకలోకి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు.

"ఏం మేత వేస్తున్నావే?"

"నువ్వు వేసేదే."

"మరి నావెందుకు ఎదగట్లేదు?"

ఊరుకుంటే సరిపోయేది. కానీ దెబ్బ కొట్టిందెవరో తెలియకుండా అతను కుమిలితే ఆమెకు తృప్తి ఎక్కడిది? చేతిలోని వల పక్కన పెట్టి అంతా చెప్పింది.

"అంటే నన్ను ముంచాలనే వేశావా?"

"ముంచాలనే వేశాను. నా ఖర్మ కాలి నువ్వు బాగుపడ్డావు. తర్వాత నిన్ను నువ్వే ముంచుకుంటుంటే కూర్చుని చూశాను."

"ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"తూము దగ్గర నేను రెండుసార్లు చెప్పాను."

అన్న తిట్టాలో, తల వంచుకోవాలో తేలక గట్టెక్కి వెళ్ళిపోయాడు. అతని నడక చూస్తుంటే ఆమెకు కడుపు చల్లబడింది.

ఆ చల్లదనం తొలకరి దాకే నిలిచింది. అన్న పట్టపగలు తట్టనిండా కొర్రమీను పిల్లల్ని తెచ్చి, ఆమె చూస్తుండగానే తన చెరువులో వదిలాడు. భర్త పగలబడి నవ్వాడు.

"తిట్టాలన్న తొందరలో కిటుకు కూడా నువ్వే చెప్పేశావు."

ఆమె అతనితో రెండు రోజులు మాట్లాడలేదు. అన్నతో ఇప్పటికీ మాటల్లేవు. గట్టు మీద ఎదురుపడితే ఎవరూ పక్కకు తప్పుకోరు. భుజాలు రాసుకుంటూ ఎవరి చెరువు వైపు వాళ్ళు పోతారు.