ఆ మార్కులు తారుమారు చేసింది అప్పల్రాజు బావ కాదు

నిన్న పొద్దున్న కాలేజీ వాట్సాప్ గ్రూప్ తెరిస్తే అప్పల్రాజు బావ ఫోటో. దానికి దండ.

ఎవరో వెధవ జోక్ వేశారనుకుని ఎచ్చెర్లలో బావ ఇంటికి ఫోన్ చేశాను. వాళ్ళ తమ్ముడు ఎత్తాడు. "టీ తాగతా తాగతానే గుండాగిపోనాది బాబూ" అన్నాడు.

నలభై ఆరేళ్ళు. అంతే.

తెలియనివాళ్ళకి చెప్తున్నాను. శ్రీకాకుళంలో నేను క్లర్కుగా ఉన్న ప్రైవేటు కాలేజీలో బావ తొమ్మిదేళ్ళు కంప్యూటర్లు చూసుకున్నాడు. చుట్టరికం లేదు, ఒకర్నొకరు బావా అని పిలుచుకునేవాళ్ళం.

ఏ సిస్టమ్ మొరాయించినా కంప్లైంట్ రిజిస్టర్‌లో కారణం రాయాలి. బావ ఎక్కువసార్లు ఒకటే రాసేవాడు: "లేయర్ ఎయిట్ ప్రాబ్లమ్."

నెట్‌వర్క్ పాఠంలో లేయర్లు ఏడే. ఎనిమిదోది కుర్చీలో కూర్చున్న మనిషి. తప్పు మిషన్‌ది కాదు, వాడినవాడిది అని కంప్యూటర్ వాళ్ళు వెక్కిరించే మాట అది.

బావ ఎవరి పేరూ రాయకుండా ఆ మాటతోనే మా స్టాఫ్‌ని కాపాడేవాడు. ప్రిన్సిపాల్ అదేదో పార్టు అనుకుని సంతకం పెట్టేసేవాడు. ఒకసారి "కొత్తది తెప్పించు" అని కూడా అన్నాడు.

"కొత్తది దొరకదు సార్, ఉన్నదాంతోనే సర్దుకోవాల" అన్నాడు బావ, మొహంలో నవ్వు కనపడకుండా. మేమంతా బయటికి పరిగెత్తి నవ్వుకున్నాం.

నాలుగేళ్ళ కిందట ఇంటర్నల్ మార్కుల షీట్‌లో నేను పేర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి, అక్షరాల వరసలో పెట్టడానికి సార్ట్ కొట్టాను. పేర్లు కదిలాయి, మార్కులు కదల్లేదు. ఒకరి మార్కులు ఇంకొకరికి పడ్డాయి. చూసుకోకుండా ప్రింట్ తీసి నోటీసు బోర్డుకి అంటించేశాను.

సాయంత్రానికి గేటు దగ్గర తల్లిదండ్రుల గొడవ.

బావ షీట్ చూడగానే కనిపెట్టాడు. ఇంట్లో నా భార్యకి నెలలు నిండాయని వాడికి తెలుసు. "ఊరుకోరా బావా, ఏటైపోతాది? నాను సూసుకుంతాను" అని రిజిస్టర్‌లో మళ్ళీ అదే రాశాడు.

ఈసారి ప్రిన్సిపాల్ వెనక పేజీలన్నీ తిరగేశాడు. "ఇన్నిసార్లు అదే పాడైతే నువ్వు సేస్తన్నదేటి?" అని అందరి ముందూ అరిచాడు. మా తప్పులన్నీ బావ సొంత చేతిరాతతోనే వాడి మెడకి చుట్టుకున్నాయి.

పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

బావ నావైపు చూడనైనా చూడలేదు. రేపట్నుంచి రావద్దంటే బ్యాగ్ తీసుకుని వెళ్ళిపోయాడు. బస్ కాంప్లెక్స్ వెనక జిరాక్స్ షాపు పెట్టుకున్నాడు. నేను ఆ దారిన వెళ్ళడమే మానేశాను. వాడు మాత్రం ఫోన్ చేసి "పాప ఎలాగున్నాది?" అని అడిగేవాడు. ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఇప్పుడు గ్రూపులో "గొప్ప మనిషి", "తీరని లోటు". ప్రిన్సిపాల్ చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాడు. సిగ్గుండాలి మనకి. అందరికంటే ముందు నాకు.

నిన్న మట్టి చేసి వచ్చాక బావ భార్య నన్ను పక్కకి పిలిచింది. "ఆ మార్కులు నిజంగా ఆయనే పాడు సేసినారా అన్నియ్యా? అడిగితే ఎప్పుడూ సెప్పనేదు."

భార్యకి కూడా చెప్పలేదు వాడు. నేను అక్కడ కూడా నిజం చెప్పకుండా చెప్పులేసుకుని వచ్చేశాను.

చెల్లెమ్మా, నీ మొగుడు ఏ తప్పూ చెయ్యలేదు. చేసింది నేను. కాలేజీ గ్రూపులో కూడా ఇదే పెడుతున్నాను. ఉద్యోగం పోతే పోనీ.

వెళ్ళిరా బావా. నువ్వు ప్రశాంతంగా ఉండు. నాకా ప్రశాంతత వద్దు.