మహమూద్ చాచా కోసిన నడిమి గోడ

మొన్న మార్కెట్ యార్డు గేటు ముందు, పసుపు దుమ్ముకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఒక ఆటో అతనితో గొడవ పడుతున్నాను. న్యాయం నా వైపే ఉంది, గెలవబోతున్నాను కూడా. అంతలో వెనక లోడు లారీ ఒకటి కదిలింది. ముందు ఇంజిన్ బొంగురుగా మూలిగింది, తర్వాత క్షణం పాటు ఏమీ లేదు, ఆపైన సన్నగా పొడుగ్గా ఈల వినిపించింది. ఆ ఈల రావలసిన దానికంటే ఆలస్యంగా వచ్చింది. నా మాట నోట్లోనే ఆగిపోయింది. "ఏమైందక్కా, ఒడ్సిందా?" అన్నాడు ఆటో అతను, గొడవ ముగిసిందేమోనని ఆశగా. నా నోరు మాట మధ్యలో ఆగడం ఆర్మూర్‌లో చాలామంది చూసి ఉండరు. ఇంతకుముందు ఒక్కసారి ఆగింది. ఆగకూడని చోట ఆగింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు మహమూద్ చాచా గురించి చెప్పాలి.

చాచా లారీల మెకానిక్. పెర్కిట్ దాటాక హైవే పక్కన ఆయన రేకుల షెడ్డు. జక్రాన్‌పల్లి నుంచి బాల్కొండ దాకా ఏ లారీ ఎక్కుడులో మొండికేసినా డ్రైవర్లు నేరుగా అక్కడికే తెచ్చేవారు. ముఖ్యంగా టర్బో పనికి ఆయన చెయ్యి పడాల్సిందే అనేవారు. మనిషి పొడుగు, కొద్దిగా వంగినట్లు నడుస్తాడు. ఎడమ చెవి అస్సలు వినబడదు. అందుకేనేమో కుడి చెవితో ఇద్దరి వినికిడి వినేవాడు. కర్ర పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్‌ను ఇంజిన్‌కు ఆనించి, పిడిని కుడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడేవాడు. అప్పుడు షెడ్డులో ఎవరూ దగ్గకూడదు.

నేను ఆ షెడ్డుకు ఎందుకు వెళ్లానంటే, మా ఆయన దుబాయిలో ఉంటూ ఇక్కడ పాత లారీ ఒకటి కొన్నాడు. కొన్నాక మళ్లీ విమానమెక్కాడు. లారీ నాకు మిగిలింది. నేను బీఎస్సీ ఫిజిక్స్, ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. డ్రైవర్ గంగారాం, ఊరు ఏర్గట్ల. బండి ఎటు పోవాలి, ఏ లోడు ఎత్తాలి అనేవన్నీ నేను చూసుకునేదాన్ని. మొదటిరోజు షెడ్డులో చాచా అట్లా కళ్లు మూసుకుని నిలబడితే నాకు నవ్వొచ్చింది.

"ఏం చాచా, ఇంజిన్ చెవుల ఏమన్న చాడీలు జెప్తున్నదా?"

"చెప్తున్నది బేటీ. నువ్వు జర ఊకుంటే ఇనవడ్తది."

గంగారాం పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. నేను ఊరుకుంటానా? విన్నదేమిటో, ఎట్లా తెలిసిందో, అది తప్పు కాదని నమ్మకమేమిటో అన్నీ అడిగాను. చాచా ఓపికగా చివరిదాకా విని, గంగారాంతో అన్నాడు: "గీ బండికి టర్బో కరాబైంది గని, మీ మేడంకు మాత్రం కంపెనీ టర్బో ఉన్నది రా, మస్తు నడుస్తున్నది." నాకు కోపం రావాలి. రాలేదు. ఆ తర్వాత బండికి ఏ పనీ లేకపోయినా నేను వారానికోసారి ఆ షెడ్డుకు వెళ్లి వాదించి వచ్చేదాన్ని. మా ఇంట్లో నాతో వాదించేవాళ్లు ఎవరూ మిగల్లేదు మరి.

టర్బో అంటే ఏమిటో పుస్తకంలో చదివాను గానీ, చూపించింది చాచానే. ఇంజిన్ వదిలే పొగ ఊరికే గాలిలో కలిసిపోకుండా ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద అవతల ఇంకో చక్రం ఉంటుంది, అది బయటి గాలిని ఇంజిన్‌లోకి నెడుతుంది. ఎంత గాలి పోతే అంత గుంజుడు. ఆ చక్రాలు జోరందుకున్నప్పుడు వచ్చేదే ఆ ఈల. ఇంతవరకు నాకు ఏ పేచీ లేదు. పేచీ గోడ దగ్గర వచ్చింది.

ఆ ఏడు పసుపు సీజనులో మా బండి బలం తగ్గింది. చాచా టర్బో విప్పి, పొగ లోపలికి వెళ్లే దాని మూతి నాకు చూపించాడు. నత్తగుల్ల లాంటి ఇనుప డొప్ప. దాని మూతిలో పక్కపక్కనే రెండు కిటికీలు, మధ్యలో సన్నటి ఇనుప గోడ. వేడికి గోడ పగిలి, ఒక పెచ్చు ఊడేలా ఉంది. ఊడి చక్రంలో పడితే చక్రం ముక్కలవుతుంది. వేరే డొప్ప నిజామాబాద్‌లో పాత సామాన్ల దగ్గర వెతకాలి, ఎనిమిది పది రోజులు పట్టవచ్చు అన్నాడు. అవతల నాగపూర్‌కు పసుపు లోడు ఒప్పుకుని ఉన్నాను. ఆ రోజు గంగారాం ఊరికి పోయాడు. షెడ్డులో చాచా, నేను తప్ప ఎవరూ లేరు.

"అసలు గా గోడ ఎందుకు చాచా? కోసి పారేయ్. పొగకు తొవ్వ ఎడల్పైతది."

"కోయొద్దు బేటీ. ముంగటి మూడు సిలిండర్లయి ఓ దిక్కు, ఎన్కటి మూడింటియి ఓ దిక్కు. రెండు కల్వొద్దు."

"కలిస్తే ఏమైతది?"

"కల్వొద్దు."

"అదే, ఎందుకని అడుగుతున్న."

చాచా చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకున్నాడు. "అది నీళ్లు వారినట్లు వారది. దెబ్బ లెక్కస్తది. టక్... టక్... టక్. గీడోటి, గాడోటి."

"సన్న పైపుల కంటె పెద్ద పైపుల ఎక్కువ నీళ్లు రావా? మీ ఇంటి బోరును అడుగు, చెప్తది." నేను సుద్దముక్క తీసుకుని షెడ్డు నేల మీద బొమ్మ గీశాను. రెండు గొట్టాలు, ఒక గొట్టం, వైశాల్యం, రాపిడి. తరగతిలో కూడా అంత బాగా ఎప్పుడూ చెప్పి ఉండను.

చాచా బొమ్మ చుట్టూ తిరిగాడు. "నువ్వు పెండ్లిల పసుపు దంచుడు చూసినవ్ గద. ఒక్క రోట్ల రెండు రోకండ్లు..."

"చాచా, నేను ఇంజిన్ ముచ్చట అడుగుతుంటే నువ్వు పెండ్లి ముచ్చట చెప్తవేంది?"

ఆయన ఆగిపోయాడు. చాలాసేపు ఆ సుద్ద గీతల వైపు చూశాడు. తర్వాత, "సద్వుకున్నదానివి. నువ్వు జెప్పినట్లే జేద్దాం" అన్నాడు. వెటకారమా అని ముఖంలోకి చూశాను. వెటకారం కనిపించలేదు. ఏం కనిపించిందో ఇప్పటికీ నాకు చెప్పడం రాదు. గ్రైండర్ అందుకుని గోడను మూతి అంచు నుంచి లోపలికంటా కోసి, నున్నగా చేశాడు.

బండి బాగానే నడిచింది. అదే వచ్చిన చిక్కు. ఖాళీ బండిని గంగారాం హైవే మీద జక్రాన్‌పల్లి దాకా తీసుకుపోయి వచ్చి, "ఫస్ట్ క్లాసున్నదక్కా" అన్నాడు. నేను చాచా వైపు చూసిన చూపు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నిర్మల్ దాటాక ఘాట్ వస్తుంది. లోడు బండి అక్కడ మెల్లగా, కింది గేరులో ఎక్కాలి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగే ఆ చోటే టర్బో అక్కరకు రావాలి. రాలేదు. గంగారాం ఎంత తొక్కినా నల్లపొగ తప్ప గుంజుడు లేదు. మలుపు మీద ఇంజిన్ ఆగిపోయి, బండి వెనక్కి జారి, కొండ వైపు గోడకు గుద్దుకుంది. అటు కాక ఇటు జారి ఉంటే కింద లోయ. గంగారాం భుజం కీలు తప్పింది. బస్తాలు పగిలి రోడ్డంతా పసుపు. "నేను మంచిగనే ఉన్ననక్కా, ఫికర్ జేయకు" అని ఫోన్లో వాడు చెబుతుంటే, వెనక నుంచి హారన్లు వినబడుతున్నాయి.

బండిని లాక్కొచ్చిన రోజు షెడ్డు ముందు పదిమంది డ్రైవర్లు చేరారు. భుజానికి కట్టుతో గంగారాం కూడా వచ్చాడు. టర్బో విప్పగానే అందరికీ కనిపించింది.

"చాచా, నడిమి గోడేది?"

"కోసిన."

"నువ్వా? ఎవ్వలన్న చెప్తె కోసినవా?"

ఆయన నా వైపు చూడలేదు. అది నాకు బాగా గుర్తు. చూసి ఉంటే నేను నోరు తెరిచేదాన్నేమో. "ఎవ్వలు జెప్తరు? చెయ్యి నాది, గ్రైండర్ నాది. తప్పు జేసిన" అన్నాడు. ఒక డ్రైవర్ "పానం వోతుండె గదనే" అన్నాడు, అరవకుండా. ఆయన చేతిని నమ్మి ఇన్నేళ్లూ ఘాట్లు ఎక్కినవాళ్లు ఆ చేతిని వింతగా చూశారు. నేను అక్కడే ఉన్నాను, నాలుగడుగుల దూరంలో. బస్ కండక్టరుతో, బ్యాంకు మేనేజరుతో, మా అత్తతో, బడి కరస్పాండెంటుతో వాదించిన నోరు ఇది. ఒక్క మాట రాలేదు. సుద్ద గీతలు ఇంకా నేల మీద పూర్తిగా చెరిగిపోలేదు. వాటి మీద నిలబడి ఉన్నాను.

తర్వాతి వారం వేరే డొప్ప దొరికింది. బిగించే ముందు చాచా నన్ను పిలిచాడు. టర్బో లేకుండానే, దానికి నూనె వచ్చే గొట్టానికి బిరడా కొట్టి, ఇంజిన్ మెల్లగా నడిపించాడు. చెవులు పగిలే మోత. పసుపు సంచి నుంచి రెండు గోనె పోగులు పీకి, పొడుగాటి తీగ కొసన కట్టి, ఇంజిన్ వైపు గొట్టంలో పొగ బయటికొచ్చే రెండు కిటికీల ముందు పట్టాడు. ఎడమ పోగు ఎగిరింది. అది దిగేలోగా కుడిది ఎగిరింది. మళ్లీ ఎడమది. ఒకటి దెబ్బ కొట్టి వెనక్కి తగ్గే సందులో రెండోది కొడుతోంది. నేను గీసిన ధార ఎక్కడా లేదు. గోడ తీసేస్తే ఒకరి దెబ్బ చక్రానికి తగిలే బదులు పక్కవాడి గొట్టంలోకి పోయి చల్లారిపోతుంది. ఒకరి ఊపిరి ఇంకొకరికి అడ్డం పడుతుంది. రెండు రోకళ్లు ఒక్కసారే రోట్లో పడటం. ఆయన అప్పుడు చెప్పబోయింది అదే. నేను పెళ్లి ముచ్చట వద్దన్నాను.

ఇంజిన్ ఆపాక అడిగాను. "ఇదంతా ఎర్కుండి ఎందుకు కోసినవ్ చాచా? నన్ను తిట్టి ఎల్లగొట్టకపోయినవా?"

"ఎర్కుండె. నీకు జెప్పరాలే." తీగకు కట్టిన పోగులు విప్పుతూ అన్నాడు. "నువ్వు అడిగినకొద్ది నాకే అనుమానమొచ్చింది. జెప్పరానిది నాకు ఎర్కున్నట్టా, అలవాటైనట్టా అని. నువ్వేమో బొమ్మ గీసి మరీ జెప్పినవ్."

"మరి వాళ్ల ముందర నా పేరు ఎందుకు జెప్పలే?"

"నీ పేరు జెప్తె బండి ఎక్కుతదా?"

అది క్షమించడమా, కోపమా, విసుగా? నాకు అర్థం కాలేదు. తొమ్మిదేళ్లుగా తిప్పి తిప్పి చూస్తున్నాను. నన్ను కాపాడాడని కొన్ని రోజులు నమ్మాను. చదువుకున్నదాని మాట విన్నానని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడని కొన్ని రోజులు. అసలు నేను ఆ లెక్కలోనే లేనేమో, అది ఆయనకూ ఆయన చేతికీ మధ్య జరిగిన సంగతేమో అని ఇంకొన్ని రోజులు. ఏదీ పూర్తిగా అతకదు.

నేను నోరు తెరవడానికి నెల పట్టింది. షెడ్డుకు వచ్చే లారీలు అప్పటికే తగ్గాయి. చాయ్ హోటల్లో డ్రైవర్లు కూర్చుని ఉంటే వెళ్లి చెప్పాను, కోయమన్నది నేనే అని. వాళ్లు మర్యాదగా విన్నారు. పెద్దవయసు డ్రైవర్ ఒకతను చాయ్ పక్కన పెట్టి అన్నాడు: "మీరు మంచోళ్లు మేడం. ముసలాయన మీద పాపమనిపించింది, గంతే."

"పాపం కాదు, నిజం! నేల మీద బొమ్మ గీసి చెప్పిన."

"మేడం, మెకానిక్‌కు మీరు జెప్తిరా? చాచా మీ మాటిని కోసిండా? నమ్మేటట్లున్నదా మీకే?"

అరగంట వాదించాను. సాక్ష్యం లేదు. ఎంత గట్టిగా చెబితే అంత జాలిగా చూశారు. చివరికి గంగారాం కూడా "ఇగ పోదాం పా అక్కా, అందరు చూస్తున్రు" అన్నాడు. జీవితంలో పూర్తిగా నిజం చెప్పి ఓడిపోయిన వాదన అదొక్కటే. పైగా చాచా తప్పును కప్పిపుచ్చడానికి మేడమే రావలసి వచ్చిందని ఊళ్లో పేరు ఇంకా చెడింది. సంగతి తెలిసి చాచా పడీపడీ నవ్వాడు. "నీ టర్బో గిట్ల కూడ ఫెయిలైతదా బేటీ!" అన్నాడు. నవ్వినందుకు నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఆయన దగ్గరికి ట్రాక్టర్లు, మోటర్లు వచ్చేవి. ఘాట్ ఎక్కే బండ్లు రాలేదు. పోయిన చలికాలంలో ఆయన పోయాడు. మట్టికి చాలామంది డ్రైవర్లు వచ్చారు. అందరూ మంచి మాటలే చెప్పారు. ఆ మంచి మాటల చివర ఎవరో ఒకరు, "గా ఒక్క పని తప్ప" అన్నారు.

నిన్న గంగారాం ముందు చక్రాలకు రీట్రేడ్ టైర్లు, అంటే అరిగిన వాటికి కొత్త రబ్బరు అతికించినవి, వేయించనన్నాడు. వెనకకు వేయించినవి బాగానే ఉన్నాయి, ముందుకేమైంది అన్నాను. నాలుగు కారణాలు చెప్పాను. వాడు తల గోక్కుని, "సరే తీయ్ అక్కా, ఏపిస్త" అన్నాడు. ఇట్లాంటి మాట నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను.

"ఆగు. ఎందుకు వద్దన్నవో చెప్పు."

"ఏం లేదక్కా, మనసొప్పుతలేదు. ఎట్ల జెప్పాల్నో సమజైతలేదు."

"సమజయ్యేదాక కూసుంటం. నేను మాట్లాడ."

వాడు నన్ను అనుమానంగా చూశాడు. లారీ మెట్టు మీద కూర్చున్నాడు. నేను టైరు మీద కూర్చున్నాను. వాడు వంగి ముందు చక్రాన్ని చేత్తో తడుముతున్నాడు. నా నాలుక మీద ఐదో కారణం సిద్ధంగా ఉంది. పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను.