బాలనర్సయ్య కాక వేసిన ముడి

బాలనర్సయ్య కాకకు తను వేసే ముడి మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. పోచంపల్లి దగ్గర ఇరవై ఏళ్లు మగ్గం నేసి, తర్వాత దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంలో సేల్స్‌మన్‌గా కుదురుకున్న మనిషి. చంపాపేట్‌లో ఆయన ఇంటి పై వాటాలో నేను కిరాయికి ఉంటాను. దుకాణానికి సెలవైన మంగళవారం నన్ను వెంటేసుకుని తుర్కయంజాల్ వైపు చెరువుకు పోతాడు. రబ్బరు కప్పను నీళ్ల మీద గెంతిస్తూ కొర్రమీనుకు గాలం వేయడం ఆయన సరదా. సరదా అంటే కోప్పడతాడు. ఆయనకు అదొక్కటే లోకం.

ఈ వానాకాలం ఆ లోకం తలకిందులైంది. మూడు వారాల్లో మూడు చేపలు, నోట్లో కప్పలతో సహా మాయం. ప్రతిసారీ దారమే తెగిందన్నాడు. రెండుసార్లు దారం మార్చాడు కూడా. మూడో చేప పోయిన రోజు గట్టు మీద కూలబడి తన చేతులకేసి చూసుకున్నాడు.

"గీ చేతులతోని ఇగ కాదేమో గౌతమ్. గాలం ఎవలికన్న ఇచ్చేస్త."

నాకు నిజంగా భయమేసింది.

మర్నాడు ఎల్బీ నగర్‌లో గాలం సామాన్లమ్మే శేషారత్నం గారి కొట్టుకు బలవంతాన లాక్కెళ్లాను. ఆవిడ భీమవరం మనిషి. మాట మెత్తన, చూపు సూటి. దారం కొస పట్టుకుని వెలుతురులో చూసింది.

"తెగలేదు బాబాయి గారూ. తెగితే కొస ఇలా మెలికలు తిరగదండి. ముడి జారిపోయింది."

కాక ముఖం మాడిపోయింది. "నా ముడి జారుడేందమ్మా? వేల పోగులు అతికిన చెయ్యి గిది!"

"పోనీ, ఒకటి వేసి చూపించండి."

చూడముచ్చటగా వేశాడు. వేసి, జేబులోంచి మగ్గం నాటి చిన్న కత్తెర తీసి, మిగిలిన కొసను ముడి మొదలంటా కత్తిరించాడు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. మగ్గం మీద కొస మిగిలితే దువ్వెన లాంటి అచ్చులో చిక్కుకుని పోగు తెగుతుంది. నూలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటుంది కాబట్టి ఎంత నున్నగా కోసినా ముడి నిలుస్తుంది. నైలాన్ అలా కాదు, కొస లేకపోతే పెద్ద చేప లాగినప్పుడు జారుతుంది; ఇన్నాళ్లూ చిన్నవే పడ్డాయి గనుక బయటపడలేదు.

"కొస కొంచెం వదిలెయ్యండి, చాలు," అంది ఆవిడ.

"ఇడుస్తననే అంట, గని కప్ప మార్చినప్పుడల్ల ముడెయ్యాలె గద, కత్తెర దానంతట అదే పోతది."

ఆవిడ బల్ల మీద మూడు చిన్న వస్తువులు పెట్టింది. తాళంచెవులకు వేసేలాంటి చుట్టల రింగు, ఉత్త క్లిప్పు, గిర్రున తిరిగే స్వివెల్ క్లిప్పు. ముడి ఇంట్లోనే వీటిలో ఒకదానికి వేసుకుని, చెరువు దగ్గర దాన్ని తెరిచి కప్ప మార్చుకుంటే సరిపోతుందంది.

ఇక కాక ఎంపిక మొదలైంది. పెళ్లి చీర ఏరడానికి కూడా ఎవరూ అంతసేపు కూర్చోరు. రింగును గోటితో విప్పలేక పక్కన పడేశాడు. స్వివెల్‌ను వేళ్ల మధ్య తిప్పాడు.

"గిది దారం పురి ఎక్కకుండనా?"

"అవునండి. గిరగిరా తిరిగే రేకు ఎరకైతే కావాలి."

"నా కప్ప తిరగదు గద. ఊకె బరువెందుకు?"

ఆవిడ నవ్వింది. నేత పని అక్కరకొచ్చినందుకు కాక ముఖంలోనూ కళ వచ్చింది. ఉత్త క్లిప్పుల్లో పెద్దది తగిలించి కప్పను బకెట్ నీళ్లలో వదిలాడు. ముక్కు మునిగింది. చిన్నది తగిలించాడు. తేలింది. అది ఊడుతుందేమోనని చెయ్యి ఎర్రబడేదాకా లాగి చూసి, అప్పుడు ఒప్పుకున్నాడు.

సోమవారం సాయంత్రం మెట్లెక్కి వచ్చాడు. క్లిప్పుకు ముడి వేసుంది, బియ్యపు గింజంత కొస నిలబడి ఉంది. కత్తెర నా చేతిలో పెట్టాడు.

"నీ తాన్నే ఉంచు. నేనడిగినా ఇయ్యకు."

మర్నాడు చెరువు దగ్గర రెండుసార్లు అడిగాడు. ఇవ్వలేదు. తిట్టాడు. తిట్లు తిన్నాను. పదకొండు గంటలప్పుడు తామరాకుల పక్కన నీళ్లు భళ్లుమన్నాయి. గాలం కర్ర విల్లులా వంగింది. రెండు కిలోల కొర్రమీను గట్టు మీద పడి కొట్టుకుంటుంటే ఆయన దానికేసి చూడనైనా లేదు. వంగి, బురద తుడిచి, ముడిని బొటనవేలితో తడిమాడు.

"జారలే రా," అన్నాడు.  నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

ఇక భయం లేదని కత్తెర తీసి ఇవ్వబోయాను. వద్దన్నాడు.

"అది మగ్గందిరా. గిక్కడ దానికి పనిలే." వేలు మాత్రం ఇంకా ఆ కొస మీదే ఉంది.