ఎద్దు కొమ్ముకు ఎక్కిన దండ

నాందేడ్‌లో ఎవరింటి చెట్టు కూలినా కరెంటు వాళ్లకంటే ముందు నాకే ఫోను వస్తుంది. మొద్దులతో వాకిట్లో వేసుకునే బెంచీలు, గింజలతో దండలు చేస్తానని అందరికీ తెలిసిపోయింది. దేన్నీ కొనను, ఇస్తే తీసుకుంటాను. దాంతో ఇంట్లో పనికిరానిదల్లా నాకు బహుమతే. ఒకాయనైతే చెదలు పట్టిన గుంజ తెచ్చి, కర్ణుడిలా మొహం పెట్టి నిలబడ్డాడు. చెదలు కూడా ఉచితమే మరి.

కర్ఖేలిలో ఉండే మా మేనత్త మాత్రం మంచివే ఇచ్చింది. గాలివానకు కూలిన వేపచెట్టు మొద్దు, తలంటుకున్నప్పుడల్లా డబ్బాలో దాచిన కుంకుడు గింజలు. మామ పోయినప్పటి నుంచి ఆమె మెడ బోసిగానే ఉంది. నలుగురూ చేరి అన్నీ తీయించారు. మళ్లీ ఏదైనా వేసుకోమనడానికి ఆ నలుగురిలో ఒక్కరికీ నోరు రాలేదు. నాకు ఒళ్లు మండేది. ఎలాగైనా ఆ మెడలో ఒక దండ వేయాలని పంతం పట్టాను.

కుంకుడు గింజ గుండ్రం, పైగా నునుపు. డ్రిల్లు జారి గింజలకంటే నా బొటనవేలికే ఎక్కువ బెజ్జాలు పడ్డాయి. చివరికి నూనె రాసి, నిగనిగలాడే దండ గుచ్చి, వేప బెంచీతో పాటు టెంపోలో తీసుకెళ్లాను.

అత్త బెంచీ మీద కూర్చుని అటూ ఇటూ కదిలి చూసింది. నచ్చింది. దండ చూడగానే మాత్రం మొహం మారిపోయింది.

"నీకు అకల్ ఉన్నదా పోరీ? ముండమోసినదానికి నల్లపూసలు తెస్తవా? ఊరంత ఏమంటది?"

గింజల నునుపు చూసి మురిశానే కానీ, వాటి రంగు నాకు తట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అత్త దండను తీసుకెళ్లి బియ్యం డబ్బా మీద పెట్టేసింది.

మళ్లీ పోలా పండుగకు వెళ్లాను. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి ఊరేగిస్తున్నారు. అత్త ఇంటి ముసలి ఎద్దు కొమ్ముకు చుట్టి ఉంది నా దండ! నా వేలి రక్తం చివరికి ఎద్దు సింగారానికి పనికొచ్చింది. ఊరంతా ఆ ఎద్దుకు బొట్టు పెట్టి, హారతిచ్చి, దండం పెట్టారు. నేను మూతి ముడుచుకుని చూశాను.

సాయంత్రం అత్త ఆ దండను కొమ్ము మీంచి తీసి, కొంగుతో తుడిచి, మెడలో వేసుకుంది. వెళ్లి వాకిట్లో బెంచీ మీద, అందరికీ కనబడేలా కూర్చుంది. పక్కింటావిడ ఆగిపోయింది.

"వదినా, గవి నల్లపూసలు గాదా?"

"నల్లపూసలు ఎట్లయితయి? పొద్దుగాల నువ్వే మొక్కితివి గదా! ఎద్దు దండ. మల్ల పోలా దాంక నేను మోస్త."

ఆవిడ గబగబా వెళ్లిపోయింది. అత్త మెడ మీద కొమ్ము రంగు ఎర్రగా అంటుకుని ఉంది. పక్కన కూర్చున్నాను. నాకు ఏడుపు ఆగలేదు.

"ఊకో," అంది అత్త. "కొత్త బెంచీ నానుతది."